విద్యుత్ కారు లీజు: తక్కువ అద్దె చూసి సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. బాణసవాడిలో అద్దె ఫ్లాటులో ఉంటున్నాం. స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను పడే జీతం ఏడాదికి 19 లక్షలు. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. మా కంపెనీ కారు లీజు సదుపాయం కింద, ఆన్‌రోడ్ ధర 16 లక్షలున్న ఒక విద్యుత్ కారుకు రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటిది 36 నెలలకు. నెలకు పన్నుతో కలిపి 36,500 రూపాయలు, బీమా, సర్వీసింగ్ అందులోనే, 45,000 కి.మీ. పరిమితి దాటితే కి.మీ.కు 7 రూపాయలు, చివర కావాలంటే 7,20,000 కట్టి కారు ఉంచుకోవచ్చు. రెండోది 48 నెలలకు. నెలకు 26,900, ముందుగా తిరిగి రాని 1,50,000, 40,000 కి.మీ. పరిమితి దాటితే కి.మీ.కు 8 రూపాయలు, రెండో ఏడాది నుంచి బీమా, మొదటి నుంచీ సర్వీసింగ్ మా ఖర్చు, చివరి ధర 6,40,000. ఆఫీసుకు రానూపోనూ 32 కి.మీ.; నెలకోసారి ఊరికి వెళ్తాం. నెలకు దాదాపు పది వేలు తేడా ఉంది కాబట్టి రెండోదే మేలని మా వారు అంటున్నారు. అసలు లీజే వద్దు, లోను తీసుకుని సొంతంగా కొనుక్కోండని మా మామగారి మాట. బ్యాటరీకి మాత్రమే అద్దె కట్టే పద్ధతి కూడా ఉందని విన్నాం. ఏది మంచిది?

సమాధానం: నెల అద్దె ఒక్కటే చూస్తే మీ వారి మాట సబబుగానే తోస్తుంది. అయితే ఆ అంకెలో ఏవి కలిశాయో, ఏవి బయట ఉండిపోయాయో తేల్చకుండా రెండు కొటేషన్లను పక్కపక్కన పెట్టడం కుదరదు. అందుకని ముందు మీరు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూద్దాం. నెలకు 22 పనిదినాలు అనుకుంటే ఆఫీసుకే ఏడాదికి 8,400 కి.మీ. పైచిలుకు అవుతుంది. బెంగళూరు నుంచి అనంతపురం దాదాపు 210 కి.మీ. కాబట్టి నెలకొక ప్రయాణం లెక్కన మరో 5,000 కి.మీ. దాటుతుంది. వారాంతపు తిరుగుడు, బంధువుల ఇళ్లు, ఆసుపత్రులు, పెళ్లిళ్లు కలిపి నెలకు 250 కి.మీ. వేసుకున్నా మొత్తం ఏడాదికి సుమారు 16,500 కి.మీ. తేలుతుంది. మొదటి కొటేషన్ మీకు ఏడాదికి 15,000 కి.మీ. ఇస్తోంది, రెండోది 10,000 మాత్రమే ఇస్తోంది. సొంత ఊరు పక్క రాష్ట్రంలో ఉన్న మనలాంటి కుటుంబాలకు ఏడాదికి 10,000 కి.మీ. పరిమితి ఎలాగూ చాలదు.

గడువు ముగిశాక కారు తిరిగి ఇచ్చేస్తారనుకుని లెక్క వేయండి. మొదటిదానిలో 36 అద్దెలు 13,14,000 రూపాయలు. పరిమితి దాటిన 4,500 కి.మీ.కు 31,500, మొత్తం 13,45,500, అంటే నెలకు సుమారు 37,400. రెండోదానిలో 48 అద్దెలు 12,91,200 రూపాయలు. ముందు కట్టిన 1,50,000. దాటిన 26,000 కి.మీ.కు 2,08,000, మూడేళ్ల బీమాకు ఉజ్జాయింపుగా 1,20,000, నాలుగేళ్ల సర్వీసింగుకు 40,000, మొత్తం సుమారు 18,09,000, అంటే నెలకు 37,700. పది వేలు తక్కువగా కనిపించిన అద్దె నిజానికి మూడు వందలు ఎక్కువే అయింది. పైగా కారు విలువ మొదటి ఏళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది కాబట్టి గడువు పెరిగేకొద్దీ నెలసరి ఖర్చు తగ్గవలసింది. నాలుగేళ్ల లీజు మూడేళ్లదానికంటే ఖరీదుగా తేలిందంటే అందులో ఏదో అధికంగా వేశారని అర్థం.

చివర కారు కొనుక్కునే ఉద్దేశం ఉంటే మరో లెక్క వేయాలి. కట్టే మొత్తంలో నుంచి బీమా, సర్వీసింగ్ విలువను, కారు ధరను తీసివేస్తే మిగిలేది వడ్డీ. ఆ వడ్డీని సగటు బాకీతో పోల్చి చూస్తే ఏడాదికి ఎంత శాతం పడుతోందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మొదటి కొటేషన్‌లో మీరు కట్టేది చివరి ధరతో కలిపి 20,34,000. అందులో బీమా, సర్వీసింగ్ కింద 1,15,000 తీసేస్తే వడ్డీ 3,19,000 తేలుతుంది. బాకీ 16 లక్షల నుంచి 7.2 లక్షలకు దిగుతుంది కాబట్టి సగటున 11.6 లక్షలు; అంటే ఏడాదికి దాదాపు 9.2%. రెండోదానిలో మొత్తం 20,81,200, వడ్డీ 4,81,200, సగటు బాకీ 10,45,000, అంటే 11.5% పడుతోంది. లీజు కంపెనీ వాళ్లు వడ్డీ రేటును తమంతట తాము చెప్పరు. లీజుకు వడ్డీ ఉండదని కూడా కొందరు అంటారు. ఈ లెక్క కాగితం మీద పెట్టి అడగండి, సమాధానం చెప్పక తప్పదు. అలాగే వాళ్లు లెక్కకు తీసుకున్న కారు ధర షోరూము పట్టికలోని ధరా, లేక తమకు దొరికిన డిస్కౌంటు పోగా మిగిలిన ఇన్వాయిసు ధరా అన్నది కూడా అడగాలి. లీజు కంపెనీలు పదుల కొద్దీ కార్లు కొంటాయి; వాటికి దొరికే తగ్గింపులో మీకూ వాటా రావాలి.

ఇక పన్ను విషయం. కంపెనీ ద్వారా లీజు తీసుకుంటే అద్దె పన్ను పడకముందే జీతంలో నుంచి పోతుంది, ఆదా అంతా అక్కడే. మీ కంపెనీ పంపిన కరపత్రంలో నెలకు 10,800 ఆదా అని రాసి ఉంటే, అది 30% శ్లాబులో ఉన్నవారికి వేసిన లెక్క. 2025-26 నుంచి అమలైన కొత్త విధానపు శ్లాబులలో 24 లక్షలు దాటిన ఆదాయానికే 30% పడుతుంది. 16 నుంచి 20 లక్షల మధ్య 20%, 12 నుంచి 16 లక్షల మధ్య 15%. మీ 19 లక్షలలో నుంచి ఏడాది అద్దె 4,38,000 తీసివేసి, కారు వాడకానికి జీతంలో కలిపే పెర్క్విజిట్ (కంపెనీ ఇచ్చే సదుపాయానికి కట్టే) విలువను పాత నియమాల ప్రకారం నెలకు 1,800 చొప్పున తిరిగి చేరిస్తే, పన్ను తగ్గేది సెస్సుతో కలిపి ఏడాదికి సుమారు 80,500 రూపాయలు, అంటే నెలకు 6,700. ఇది చిన్న మొత్తమేమీ కాదు, అయితే 10,800 మాత్రం కాదు. రెండో కొటేషన్‌లో అద్దె తక్కువ కాబట్టి ఆదా కూడా నెలకు 5,200 దగ్గరే ఆగిపోతుంది; బీమా, సర్వీసింగ్ ఖర్చులు పన్ను కట్టిన డబ్బులో నుంచి మీరు పెట్టుకోవలసి వస్తుంది. మొదటిదానిలో అవి అద్దెలోనే ఉన్నందువల్ల పన్ను పడకముందే తీరిపోతాయి. పన్ను పోగా చూసుకుంటే మొదటిదే నెలకు 1,800 దాకా చవక.

ఇక్కడ మీ హెచ్‌ఆర్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగవలసినవి రెండున్నాయి. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాలలోని 3వ నియమం, కొంత ఆఫీసు పనికీ కొంత సొంతానికీ వాడే కారుకు, ఖర్చులు కంపెనీయే భరించేటప్పుడు, ఇంజను 1.6 లీటర్ల లోపుంటే నెలకు 1,800, దాటితే 2,400 చొప్పున పెర్క్విజిట్ కట్టేది. విద్యుత్ కారుకు ఇంజనే లేదు కాబట్టి ఏ వర్గంలో పెట్టాలో ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా నిర్ణయించుకుంటూ వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి, మీ జీతపు చీటీలో ఏ అంకె కలుపుతారో ముందే చూపించమనండి. అది పెరిగిన మేరకు మీ ఆదా తగ్గుతుంది. అడగవలసిన రెండో సంగతి, కారును పూర్తిగా సొంత పనికే వాడుతున్నట్టు తేలితే ఈ నామమాత్రపు విలువ వర్తించదు, అయిన ఖర్చంతా జీతం కిందే లెక్కకు వస్తుంది. కాబట్టి కంపెనీ విధానపత్రంలో ఆఫీసు వాడకం ప్రస్తావన ఉన్నదో లేదో చూసుకోవాలి. దగ్గరలో ఇల్లు కొనే ఆలోచన ఉంటే, లీజు వల్ల జీతపు చీటీలో చేతికొచ్చే మొత్తం తగ్గి బ్యాంకు ఇచ్చే గృహరుణం కూడా తగ్గవచ్చునని గుర్తుంచుకోండి.

ఇంతవరకు చెప్పినది పెట్రోలు కారుకైనా చాలావరకు వర్తిస్తుంది. విద్యుత్ కారుకు ప్రత్యేకమైనదీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ, మూడు నాలుగేళ్ల తరువాత ఆ కారు ధర ఎంత పలుకుతుందన్న ప్రశ్న. 2024 ఫిబ్రవరిలో టాటా సంస్థ, బ్యాటరీ సెల్స్ ఖర్చు తగ్గిందని చెప్పి, నెక్సాన్ విద్యుత్ కారు ధరను 1,20,000 రూపాయల దాకా తగ్గించింది. వినియోగదారులకు అది మంచి వార్తే, కానీ అంతకు కొన్ని నెలల ముందే కొన్నవారి కారు విలువ ఒక్కరోజులో ఆ మేరకు పడిపోయింది. ఆ తరువాత 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28% నుంచి 18%కి దిగి, సెస్సు కూడా పోయింది. విద్యుత్ కార్ల మీద 2019 ఆగస్టు నుంచీ ఉన్న 5% అలాగే ఉంది. రెంటి మధ్య ధరల అంతరం మారినప్పుడల్లా పాత విద్యుత్ కార్ల గిరాకీ కూడా మారుతుంది. ఎక్కువ దూరం నడిచే కొత్త బ్యాటరీలు వచ్చేకొద్దీ పాతవాటికి బేరం తగ్గుతుంది. ఈ భారం మోయడానికే లీజు కంపెనీకి మనం అద్దె కడుతున్నాం. ఆ భారం కూడా తిరిగి మన నెత్తినే పెట్టే లీజు అయితే అది ఖరీదైన అప్పు మాత్రమే అవుతుంది.

అందువల్ల ఒప్పందంలో మొదట చదవవలసినది చివరి నెలకు సంబంధించిన షరతు. మొదటి కొటేషన్‌లో కావాలంటే 7,20,000 కట్టవచ్చని ఉందని రాశారు. మార్కెట్లో అప్పటికి అలాంటి కారు 6 లక్షలకే దొరుకుతుంటే మీరు తాళాలు అప్పగించి వచ్చేయవచ్చు, నష్టం లీజు కంపెనీది. రెండోదానిలో 6,40,000 గురించి అలాంటి వెసులుబాటు ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు. గడువు తీరాక ఉద్యోగి ఆ ధరకు తప్పనిసరిగా కొనాలనో, లేదా అమ్మగా వచ్చిన ధరకూ ఒప్పుకున్న ధరకూ మధ్య తేడాను ఉద్యోగే భరించాలనో ఉంటే, దానిని పక్కన పెట్టేయండి. ఈ షరతు కోసం లీజు కంపెనీకీ మీ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంతో పాటు, మీ కంపెనీ మీచేత సంతకం చేయించుకునే హామీపత్రం కూడా చదవాలి. ఆ ఒప్పందంలో లేని భారం చాలాసార్లు ఈ హామీపత్రంలో ఉంటుంది.

కారు ఉంచుకునే ఆలోచన ఉన్నవారు బ్యాటరీ వారంటీ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. ఎంజి విండ్సర్, మహీంద్రా బీఈ 6 వంటి కార్లకు ప్రకటించిన జీవితకాల బ్యాటరీ వారంటీ మొదటి యజమానికి ఉద్దేశించినది. చేతులు మారాక అది ఏళ్ల, కిలోమీటర్ల పరిమితికి దిగిపోతుంది. లీజు కారుకు మొదటి యజమాని మీరు కాదు, లీజు కంపెనీ. గడువు చివర 7,20,000 కట్టి మీ పేరున మార్చుకున్న నాడు మీరు రెండో యజమాని అవుతారు. కాబట్టి మీరు ఎంచుకున్న మోడల్‌కు సంస్థ పేరున రిజిస్టరైన కారుకు ఏ వారంటీ వర్తిస్తుందో, పేరు మారాక ఎంత మిగులుతుందో కారు తయారీదారు నుంచే మెయిల్ ద్వారా తెప్పించుకోండి. షోరూములో చెప్పిన మాట దీనికి చాలదు.

తిరిగి ఇచ్చే రోజున ఏం జరుగుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. తనిఖీకి వచ్చిన మనిషి పెయింటు మందం కొలిచే చిన్న పరికరాన్ని తలుపులకు, బానెట్‌కు ఆనించి ఏది మళ్లీ పెయింటు వేసినదో పట్టేస్తాడు; బెంగళూరు ట్రాఫిక్‌లో స్కూటర్లు రాసుకుపోయిన ప్రతి గీతనూ ఫోటో తీస్తాడు; చక్రాల అంచులు, టైర్ల గాడుల లోతు, రెండో తాళంచెవి, కారుతో వచ్చిన చార్జింగ్ కేబుల్ చూసి ఒక్కోదానికి ఒక్కో మొత్తం రాస్తాడు. ఏది సహజమైన అరుగుదల, ఏది నష్టం అన్న పట్టిక ఒప్పందానికి జతచేసి ఉంటే వాదనకు తావుండదు. లేకపోతే అతను రాసిందే లెక్క. విద్యుత్ కారు బరువెక్కువ, కదిలే జోరు ఎక్కువ, కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. మీరు మూడేళ్లలో దాదాపు 50,000 కి.మీ. తిరుగుతారు కనుక ఒక జత మార్చవలసి రావచ్చు. సర్వీసింగ్ అద్దెలోనే ఉందన్న మాటలో టైర్లు చేరాయో లేదో మీరు రాయలేదు. చేరకపోతే చేర్చమని అడగండి. బ్యాటరీ సామర్థ్యం సహజంగా తగ్గినందుకు మీ దగ్గర ఏమీ వసూలు చేయరాదన్న వాక్యం కూడా ఒప్పందంలో ఉండి తీరాలి.

బెంగళూరులో ఉద్యోగం చేసేవారికి అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చే షరతు ఉద్యోగం మానేసినప్పటిది. పద్దెనిమిదో నెలలో మీరు వేరే కంపెనీకి వెళ్లారనుకోండి. అప్పటికి మొదటి లీజులో బాకీ సుమారు 12 లక్షలు మిగిలి ఉంటుంది, దానిమీద గడువుకు ముందే లీజు ముగించినందుకు ఫోర్‌క్లోజర్ రుసుము కూడా పడుతుంది. కొత్త కంపెనీ ఆ లీజును తనపేర మార్చుకోవడానికి ఒప్పుకోకపోతే, మీరు ఆ మొత్తం కట్టి కారు తీసుకోవాలి. లేదా కారు అమ్మగా వచ్చినది పోగా మిగిలిన తేడా మీ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోత పడుతుంది. అప్పటికి కారు పది లక్షలే పలికితే రెండు లక్షల పైన మీ చేతి నుంచి పోతుంది. మూడేళ్లలో మీకు మిగలవలసిన పన్ను ఆదా మొత్తమే 2,41,000 చిల్లర. కంపెనీయే ఉద్యోగం తీసేసినప్పుడు కూడా ఇదే షరతు పెడతారా అన్నది మొహమాటపడకుండా అడగండి. నెలవారీగా ఏ నెలలో రద్దు చేస్తే ఎంత కట్టాలో చూపే పట్టిక ఇవ్వని లీజుకు సంతకం పెట్టవద్దు. ఏడాదిన్నరలోపు ఉద్యోగం మారే ఆలోచన మీ మనసులో ఉంటే ఈ రెండు లీజులూ మీకు తగవు, అప్పుడు మీ మామగారి మాటే సరైనది.

ఆయన మాటను మరో సందర్భంలో కూడా కాదనలేను. ఒక కారు కొని ఎనిమిది, పదేళ్లు వాడుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే, లోను తీసుకోవడమే మేలు: కిలోమీటర్ల పరిమితి ఉండదు, మొదటి యజమానికి వచ్చే వారంటీ మీదవుతుంది, పాత కారు మీద కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ కూడా కొత్తదానికి మార్చుకోవచ్చు, లీజు కారు బీమా యజమాని పేరున ఉంటుంది కాబట్టి అది మీకు అక్కరకు రాదు. అయితే విద్యుత్ కారు లోను వడ్డీకి 80ఈఈబీ సెక్షన్ కింద లక్షన్నర దాకా మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 వరకు మంజూరైన రుణాలకే.

బ్యాటరీ అద్దె పద్ధతి లీజు కాదు. 2024 సెప్టెంబరులో విండ్సర్‌ను విడుదల చేసినప్పుడు బ్యాటరీతో కలిపి ధర 13.5 లక్షల నుంచి, బ్యాటరీ లేకుండా 9.99 లక్షల నుంచి, పైన కి.మీ.కు 3.5 రూపాయలు అని ప్రకటించారు. మీ తిరుగుడుకు అది ఏడాదికి సుమారు 57,750. ఆరేళ్లలో ధరల తేడా అంతా కట్టేస్తారు, ఆ తరువాత కూడా కడుతూనే ఉంటారు. కొన్ని ఫైనాన్స్ సంస్థలు కారు కదలకపోయినా నెలకు కనీసం 1,500 కి.మీ. లెక్కన తీసుకుంటాయి. తక్కువ తిరిగేవారికి, కనీస వసూలు లేని చోట ఇది పనికివస్తుంది. మీకు కాదు.

కాబట్టి రెండో కొటేషన్ వదిలేసి మొదటిదాని మీద బేరం ఆడండి. పరిమితి 50,000 కి.మీ.కు పెంచమనండి; అద్దె కొద్దిగా పెంచుతామంటే ఆ పెంపు మొత్తం మీద 31,500 దాటకుండా చూసుకోండి. గడువులోనే కారు కొనేస్తే అదనపు కిలోమీటర్లకు ఏమీ తీసుకోకూడదని రాయించండి. కారు కర్ణాటకలోనే రిజిస్టర్ చేస్తారని ఖాయం చేసుకోండి. వేరే రాష్ట్రపు నంబరుతో ఇచ్చి, ఏడాది దాటాక మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం నంబరు మార్చవలసి వచ్చినప్పుడు ఆ ఖర్చు మీదంటే ఒప్పుకోవద్దు. ఇక్కడి రోడ్డు పన్ను నిబంధనలు విద్యుత్ కార్లకు 2024లోనే ఒకసారి మారి, 25 లక్షలు దాటిన వాటికి 10% పన్ను వచ్చింది. గడువు మధ్యలో పన్ను మారితే ఎవరు కట్టాలన్నది కూడా రాసి ఉండాలి. డిసెంబరులో పాత సంవత్సరపు స్టాకు తగ్గింపులో ఇస్తామంటే, చివరికి కారు తిరిగి ఇచ్చేయదలచినవారు తీసుకోవచ్చు; ఉంచుకోదలచినవారికి తయారీ సంవత్సరం ఒకటి పాతబడిన తేడా అమ్మేటప్పుడు తెలుస్తుంది.

ఇవన్నీ కుదిరినా, మీరుండేది అద్దె ఫ్లాటు కాబట్టి చార్జింగ్ సంగతి తేలకుండా ఆర్డరు పెట్టవద్దు. ఉన్న కరెంటు కనెక్షన్ మీదనే ఇంట్లో కారు చార్జ్ చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి, అయినా మీ పార్కింగు దాకా తీగ లాగడానికి ఇంటి యజమాని, అపార్ట్‌మెంటు సంఘం ఇద్దరి అనుమతీ కావాలి. రాత్రంతా ఇంటి దగ్గర చార్జింగ్ కుదరక బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే, వాటి రేటుకు తోడు 18% జీఎస్టీ కూడా కట్టాలి. పెట్రోలు మీద మిగులుతుందనుకున్నదానిలో చాలా భాగం అక్కడే పోతుంది. సంఘం అనుమతి కాగితం చేతికి వచ్చాక, రద్దు పట్టికా చివరి ధర షరతూ జతచేసిన కొత్త కొటేషన్ తెప్పించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. ఇల్లు మారితే చార్జరును విప్పి కొత్త చోట బిగించే ఖర్చు ఎవరిదో కూడా అదే కాగితంలో రాయించుకోండి.